మంచులో చూడాల్సిన తెలుపు

రంగుల మేస్త్రి చిన్నాన్న పోయాడని మంగళవారం పొద్దున్న ఆయన కొడుకు ఫోన్ చేశాడు. మూడు రోజులుగా జ్వరమట, నిద్రలోనే పోయాడట. అరకులో మా వీధిలో సగం ఇళ్లకు రంగులేసిన మనిషి. చుట్టరికం లేకపోయినా నాకు చిన్నాన్నే.

పక్షవాతం వచ్చిన అమ్మను విశాఖ ఆసుపత్రి నుంచి తెచ్చేలోగా ఆమె గదికి రంగు వేయమని ఆయన్నే పిలిచాను. వచ్చి, గోడ మీద పక్కపక్కన రెండు పట్టీలు వేశాడు. ఒకటి ఐవరీ, ఒకటి క్రీమ్. మీరు చూసినా రెండూ ఒకటే అంటారు, పందెం.

"మంచులో ఓ పాలి, ఎండలో ఓ పాలి, లైటేసి ఓ పాలి సూడు. అప్పుడు సెప్పు" అన్నాడు.

"రెండూ ఒకటే కదా చిన్నాన్నా! ఐవరీ వేసెయ్, బేగి అయిపోవాలి."

"ఒకటేటి గుంటా? ఐవరీ మంచులో బూడిద రంగుకి తిరిగిపోద్ది. పడుకున్నోళ్లకి గోడే గదా లోకం."

కొండమీద ఊళ్లో చిన్నాన్న వాళ్లమ్మ పండగకి ముందు గోడలకు తెల్లమట్టి పూసేదట. అందులో చిటికెడు ఎర్రమట్టి కలపకపోతే ఇల్లు చలికి వణుకుతుందనేదట. ఆయన చెబుతుంటే నేను ఫోన్ చూసుకుంటున్నాను. "అబ్బా, మళ్లీ మొదలెట్టావా!" అన్నాను. నా నోరు పడిపోను. ఆయన ఐవరీయే వేసి వెళ్లాడు.

అమ్మ డిసెంబరులో వచ్చింది. తొమ్మిదైనా మంచు విడవని రోజులు. గోడవైపు తిరిగి పడుకుని "సలేత్తందే" అనేది. రగ్గు మీద రగ్గు కప్పాను, హీటరు తెచ్చాను. గోడ సంగతి నా బుర్రకు తట్టలేదు.

అమ్మను చూడడానికి వచ్చిన చిన్నాన్న ఆమె చూస్తున్న గోడనే కాసేపు చూసి వెళ్లిపోయాడు. మర్నాడు క్రీమ్ డబ్బాతో వచ్చాడు. 'నాను ముందే సెప్పాను గదా' అని ఒక్క మాట అనలేదు. "మీయమ్మకి వాసన తగలకుండా ఒక్కో గోడా ఏసుకుంటాను" అన్నాడంతే. మంచం పక్క గోడ అయింది. అమ్మ దాన్ని చాలాసేపు చూసింది, రగ్గు ఒకటి తీసెయ్యమంది. రెండో గోడ కూడా అయింది. నాలుగూ అయ్యాక 'నువ్వే కరెక్టు చిన్నాన్నా' అని చెబుదామనుకున్నాను. ఏం తొందరలే అనుకున్నాను. తొందరంతా రంగు దగ్గరే చూపించాను.

చిన్నాన్నకి మట్టి వేసి వచ్చి, స్నానం చేసి అమ్మ గదిలోకి వెళ్లాను. ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

"మూడో గోడకి మేస్త్రి ఎప్పుడొత్తాడే?" అంది.

చెప్పాలనే నోరు తెరిచాను. పనిచేసే చేతిని గోడకు ఆనించుకుని పడుకుని ఉంది అమ్మ.

"రేపు" అన్నాను.