మొహాన వేసుకున్న వెలుతురు

మా తలుపు పక్క మేకుకు మనుమడు తెచ్చిన కొత్త టార్చిలైటు వేలాడుతుంటుంది. చార్జింగు పెట్టినప్పుడు అది వేడెక్కి, ఎండలో మరిచిపోయిన ప్లాస్టిక్ బిందె వాసన వేస్తుంది. మీట నొక్కితే ఎమ్మిగనూరులో మా మిద్దె మీద నుంచి అంత దూరాన ఉన్న నీళ్ల ట్యాంకు మీద నిద్రపోయే పావురాలు కూడా కనపడతాయి. పావురాలను చూసి చేసేదేమిటి? ఊరికే వెలిగించవద్దంటే, "కరెంటు మనదే గదా అవ్వా" అంటాడు. మనది కాబట్టే చెబుతున్నాను.

మా నాయన బ్యాటరీలైటు వాసన వేరు. మూడు సెల్లులు పట్టే పొడుగాటి రేకు గొట్టం అది, వెనక మూత తిప్పితే తుప్పూ పులిసిన గంజీ కలిసినట్టు ఒక ఘాటు ముక్కుకు తగిలేది. పత్తి బాగా పండిన ఏడు ఆదోని బజారులో కొని, పెద్దకడుబూరు పక్కనున్న మా పల్లెకు తువ్వాలలో చుట్టి తెచ్చాడు. సెల్లులు నీరసపడితే పారేయడం మా ఇంట్లో లేదు; అమ్మ వాటిని మిద్దె మీద వడియాల పక్కనే ఎండబెట్టేది, సాయంత్రానికి అవి కాస్త ఓపిక తెచ్చుకునేవి. నాయన రెప్పపాటు వెలిగించి, కనపడిన దారిని మనసులో పెట్టుకుని, ఆర్పేసి చీకట్లో నడిచి, మళ్లీ వెలిగించేవాడు. పొలాల్లో ఇంకో పద్ధతి ఉండేది. చీకట్లో ఎవరైనా "ఎవురప్పా అది?" అని కేకేస్తే, లైటున్న మనిషి దాన్ని తన మొహానికి తిప్పుకుని పేరు చెప్పాలి. వెలుగు వెనక దాక్కుని మాట్లాడేవాడు దొంగ కిందే లెక్క.

ఏరువాక పున్నమి నాడు తెల్లవారకముందే ఎద్దులను వంకకు తోలుకుపోయి గడ్డిచుట్టలతో రుద్ది కడిగేవాళ్లు. కొమ్ములకు ఎర్రరంగు, మెడకు మువ్వల పట్టెడ, వెదురుగొట్టంతో నూనె తాపడం, ఆ నూనె కారిన గడ్డాలతో అవి తలలు విదిలిస్తే మా లంగాలన్నీ మరకలు కావడం, మేము నల్లమట్టితో బొమ్మెద్దులు చేసి ఎవరిది బలమైనదో పోట్లాడుకోవడం, పొయ్యి మీద పెనం దిగకుండా పూర్ణం పెట్టిన ఓళిగలు కాలుతుంటే బెల్లం వాసన వీధి చివరి దాకా పోవడం, ఇదంతా పొద్దెక్కే లోపలే. మొదటి ఓళిగ ఎద్దులకు, తరువాతే మనుషులకు. మిగిలినవాటిని మా అవ్వ ఉట్టి మీద పెట్టి, కింద మంచం వేసుకుని పడుకునేది. నాకు ఈ పిసినారి గుణం ఆమె నుంచే వచ్చిందని ఇంట్లో అంటారు.

సాయంత్రం ఊరి వాకిట్లో గోగునార తోరణం కట్టి, తప్పెట్లు కొడుతూ ఎద్దులను దాని కిందుగా పరిగెత్తించేవాళ్లు. ఒక ఏడు ఎవడో మా మైలగాడి కాళ్ల దగ్గర టపాకాయ వేశాడు. బూడిదరంగు ఎద్దు, మంచిదే గానీ బెదురుది. ఇంటికి తెచ్చి కట్టేసినా దానికి వణుకు తగ్గలేదు. చీకటి పడుతుండగా ఉరిమింది. ఎద్దు కట్టేసిన గూటం పెరుక్కుని, పగ్గంతో సహా పోయింది.

వాన అప్పటికే పడి నేల పదును మీద ఉంది. పదును ఆరేలోపల విత్తనం వేయకపోతే ఆ ఏటికి తిండి లేదు. ఒంటి ఎద్దుతో గొర్రు నడవదు, ఆ దినాల్లో ఎవరి ఎద్దూ అరువుకు దొరకదు. పైగా పొలాల నిండా గట్టు కట్టని బావులు. పున్నమే గానీ మబ్బు కమ్మి ఏమీ కనపడటం లేదు.

"పొద్దుగూకులూ ఆ లైటును తుడ్సుకుంటా కూకుంటావు గదా, ఇప్పుడన్నా పనికొస్తాదేమో సూడు" అంది అమ్మ నాయనతో. మైలగాడు నా చేతి మేతకు అలవాటు పడ్డాడని నాయన నన్ను రమ్మన్నాడు. అవ్వ లేచి ఉట్టి దించి ఒక ఓళిగ తీసి నా చేతిలో పెట్టింది. "ఎద్దుకే. నువ్వు కొరికినావంటే సూడు."

తుమ్మచెట్ల దగ్గర లైటు వేస్తే రెండు కళ్లు పచ్చగా మెరిశాయి. "మైలా" అని నాయన పిలిచాడు. ఎద్దు ముక్కుతో బుసకొట్టి, వెలుతురుకు వీపు తిప్పి పరిగెత్తింది. మళ్లీ వెతికి మళ్లీ లైటు వేశాడు, మళ్లీ పరిగెత్తింది. సాయంత్రమంతా వెనక నుంచి తరిమినవాళ్లే కదా. రాత్రి ఈ తెల్లటి మంట తరుముతోందని అనుకున్నట్టుంది. ఎంత వెదికితే అంత బావుల వైపు పోతోంది.

మూడోసారి లైటు వేస్తే లెక్కలేనన్ని కళ్లు. మడికి ఎరువు కోసం ఆపిన గొర్రెల మంద. కుక్కలు లేచాయి, వాటి వెనక మంద యజమాని బీరప్ప గొంతు.

"ఎవురప్పా అది? కుక్కల్ని ఇడ్సాల్నా?"

"నేనప్పా, ఉలిగన్నను. మైలగాడు తప్పించుకొని వచ్చినాడు ఇట్ల."

"కండ్లల్లో లైటు కొడ్తాండావు. ఉలిగన్నవో గొర్రెల దొంగవో నాకెట్ల తెలుస్తాది?"

నాయన లైటును గడ్డం కింద పెట్టుకున్నాడు. మీసం నీడ నుదుటి దాకా పాకింది. బీరప్ప నవ్వాడు. "ఆ మీసం ఉలిగన్నదే. దయ్యమైనా ఇంత అద్వాన్నంగా ఉండదు."

అప్పుడు పక్క మడిలో మువ్వలు కదిలాయి. పోవడం లేదు, దగ్గరికి ఒక అడుగు వేసినట్టుగా కదిలాయి. నాయన లైటు అటు తిప్పబోయాడు. బీరప్ప చెయ్యి పట్టుకున్నాడు.

"తిప్పొద్దు. అది నిన్ను గుర్తుపట్నట్టుంది. మొగం మీంద్నే పెట్టుకో. దాని ఎనకాల బావి ఉండాది."

కళ్లలో వెలుతురు పెట్టుకున్న మనిషికి నేల కనపడదు. బీరప్ప ముందు కట్టెతో తడుముతూ నడిచాడు, నాయన అతని కంబళి అంచు పట్టుకుని నడిచాడు, నేను నాయన పంచె పట్టుకుని నడిచాను. నాయన మొహం ఒక్కటే చీకట్లో వెలుగుతూ, "దా మైలా, నేనే దా, నేనే గదా" అంటూ పోయింది. నా అరచెయ్యి చెమటకు ఓళిగ మెత్తబడింది. చాలాసేపటికి తడి ముక్కు ఒకటి ఆ చేతిని తాకింది. నాయన పగ్గం అందుకుని, వెంటనే లైటు ఆర్పేశాడు. సెల్లులు దండగని.

తెల్లవారి పోయి చూస్తే బావి అంచున వెనక గిట్ట దిగినచోట మట్టిపెళ్ల ఊడి నీళ్లలో పడి ఉంది. నాయన బావి చుట్టూ ముండ్లకంప వేసి వచ్చి, మరునాడు గొర్రు కట్టాడు. ఆ ఏడు కొర్రలు బాగానే వచ్చాయి.

ఇప్పుడు ఆ పల్లెలో ఏరువాకకు పరిగెత్తించడానికి ఎద్దులు లేవు. ట్రాక్టరు ఉరుముకు బెదిరి పోదు, దాన్ని వెదకనూ అక్కరలేదు. బావిని పూడ్చి చదును చేశారు. సెల్లులు ఎండబెట్టే మట్టిమిద్దె కూలిపోయింది. రాత్రి మా ఇంటికి వచ్చే పిల్లలు వాకిట్లో నుంచే నా కళ్లలో లైటు కొట్టి "నేనే అవ్వా" అంటారు. ఎవరో తెలియక నేను చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడతాను.

మా ఇంటి వెనక బర్రె ఒకటుంది. రాత్రి అది కట్టు విప్పుకున్న శబ్దమైతే మేకుకున్న లైటు తీసుకుని పోయి, ముందు నా మొహాన వేసుకుని, నేనేనని చెప్పి, తరువాత దగ్గరికి పోతాను. మనుమడు చూసి నవ్వుతాడు. బర్రె నవ్వదు. ఉన్నచోటే నిలబడి ఉంటుంది.