చెరిపేసిన చోట మిగిలిన జాడ

ఆమె పరిశోధనశాలలో అడుగుపెట్టేసరికి నలభై నిండాయి. అంతకుముందు పదిహేనేళ్లు అక్క నడిపే ఫోన్ల మరమ్మతు దుకాణంలో టంకం వేస్తూనే సాయంత్రం కాలేజీలో చదువుకుంది. ప్రాసెసర్లలోంచి రహస్యాలు ఎక్కడ కారిపోతున్నాయో వెతకడం ఇప్పుడామె ఉద్యోగం.

"రహస్యాలు పట్టే ఉద్యోగమా? అయితే మీ బావ సిగరెట్లు ఎక్కడ దాస్తున్నాడో ముందు పట్టిపెట్టు" అనేది అక్క.

ఒక ఏడాది ఆస్పత్రి యంత్రాల్లో వాడే చిప్ ఒకటి ఆమె చేతికొచ్చింది. ఆ చిప్ ఖాళీగా ఉండదు. తర్వాత ఏ పని వస్తుందో ఊహించి ముందే మొదలుపెడుతుంది, ఊహ తప్పితే చేసిందంతా చెరిపేస్తుంది. కానీ ఆ తొందరలో ముట్టుకున్న సమాచారం దగ్గరి మెమరీలోనే ఉండిపోయి, మళ్లీ అడిగితే చటుక్కున వస్తోంది. ఏది చటుక్కున వచ్చిందో కొలుస్తూ పోతే ఇతరుల పాస్‌వర్డు ఒక్కో అక్షరంగా చదివేయొచ్చు. నాలుగు నెలలు తల బద్దలు కొట్టుకుని చదివేసింది కూడా. సంతోషం పట్టుమని పది నిమిషాలు నిలవలేదు. ఈ చిప్ ఎంతమంది రోగుల మంచాల పక్కన ఉందోనన్న ఆలోచన వచ్చింది.

విషయం బయట పొక్కనీయకుండా తయారీ సంస్థకు రాసింది. మూడు వారాలకు జవాబొచ్చింది: మా దగ్గర అలా జరగడం లేదు.

రెండు రోజులు ముభావంగా తిరిగింది. తనదే పొరపాటేమోనని లెక్కలన్నీ మళ్లీ చూసుకుంది. పొరపాటు కనబడలేదు. మూడో రోజు పరిశోధనశాల నడిపే ప్రొఫెసర్ గదిలోకి వెళ్లి, "సార్, ఆ సంస్థకే వెళ్లి వాళ్ల బల్ల దగ్గరే కూర్చుని చూస్తాను" అంది.

సంస్థలో పరీక్షలు చేసే ఇంజినీరు ముఖం గంటు పెట్టుకునే కుర్చీ చూపించాడు. "చూడండి మేడం. మీరు పంపిన ప్రోగ్రాం నడుపుతుంటే పొద్దుట్నుంచీ చెత్త అక్షరాలే."

ఆమె తెర చూడలేదు. బోర్డు మీది ఫ్యాన్ వింటోంది. ఒకసారి హోరెత్తుతోంది, ఒకసారి నీరసిస్తోంది.

"కరెంటు ఆదా చేసే సెట్టింగు ఆన్‌లో ఉందా?"

"ఎప్పుడూ ఉంటుంది."

"చిప్ వేగం మారిపోతుంటే నా కొలతలు నిలవవు బాబూ. దాన్ని ఒక్కసారి ఆపండి. మీకు తప్ప ఎవరికీ తెలియని మాట ఒకటి లోపల దాచండి."

అతను ఆమెకు కనబడకుండా ఏదో టైపు చేశాడు. నిమిషం గడిచింది. తెర మీద ఒక్కో అక్షరమే తేలసాగింది. బ... బం... బంగారుకొం...

"చాలండీ, చాలు! నమ్మేశాను!" అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఇంట్లో నన్ను అలా పిలుస్తారు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. పక్క బల్లలవాళ్లు తలలెత్తి చూశారు. ఆ తర్వాత అతనే పట్టుబట్టి పై అధికారుల్ని ఆ గదికి రప్పించాడు.

దిద్దుబాటు సిద్ధమయ్యేసరికి రెండు నెలలు పట్టింది. ముందస్తు ఊహలు తగ్గించడంతో చిప్ కాస్త నెమ్మదించినా ఎవరూ గొణగలేదు. ఆస్పత్రుల యంత్రాలన్నిటికీ అది చేరాక, ఆమె మూడు రోజులపాటు తనకు తెలిసిన ప్రతి ఎత్తూ వేసింది. ఒక్క అక్షరమూ రాలేదు. ఓడిపోయినందుకు అంత హాయిగా ఆమె ఎప్పుడూ నవ్వలేదు.

మరుసటి ఏడాది ఇంజినీరే ఫోన్ చేశాడు. "కొత్త చిప్ మొదలెట్టాం. ఇంకా కాగితం మీదే ఉంది. ఇప్పుడే వచ్చి తప్పులు పట్టరా?"

"సోమవారం వచ్చేస్తా" అంది ఆమె, అప్పుడే సంచీ సర్దుకుంటూ.