పెన్సిల్‌తో రాసిన నియమం

నిన్న బడి ఆఫీసు గదిలో పెన్సిల్ చెక్కుతుంటే ఆ చెక్క వాసనకు గంగాధర్ కాక గుర్తొచ్చాడు. కొత్తగా చేరిన టీచరమ్మ ఒక కాగితం రాసి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. తరగతిలో లేచి నిలబడి పాఠం గట్టిగా చదవని పిల్లలకు ఐదు మార్కులు తగ్గించాలట. ప్రధానోపాధ్యాయురాలిగా నేను సంతకం పెడితే సోమవారం నుంచి అమలు. చేతిలో పెన్ను ఉండగానే సొరుగు తెరిచి పెన్సిల్ తీశాను. ఆమె నన్ను వింతగా చూసింది. ఇంత పాత అలవాటు గురించి ఒక్క మాటలో ఎలా చెప్పను?

గంగాధర్ కాకది కుండల్‌వాడి ఊరు. ఉద్యోగం మాత్రం మా నాందేడ్‌లో, ఇంజనీర్ల ఆఫీసులో కాలువలకూ వంతెనలకూ పటాలు గీసే పని. మా గల్లీలోనే ఉండేవాడు. ఎనభైల నడుమ, నేనూ నా చిన్ననాటి స్నేహితురాలు శకుంతలా డి.ఎడ్. చదువుతున్న రోజుల్లో, ఓడ మీద పనిచేసే ఆయన బామ్మర్ది బొంబాయి నుంచి ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చిచ్చాడు. చుట్టూ కూర్చుని ఆడే కథ ఆట అది. ఒకరు కథ నడిపిస్తారు, మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర అవుతారు. కోటలు, మాంత్రికులు, గుహల్లో రాక్షసులు. మన పాత్ర గోడ ఎక్కగలదా, తాళం తీయగలదా అన్నది దాని నేర్పూ పాచికలూ కలిసి తేలుస్తాయి. ఆ పుస్తకం అడిగిన ఇరవై ముఖాల పాచిక కోసం కాక బజారంతా తిరిగాడు. దొరక్క చివరికి స్టీలు గ్లాసులో ఆరు గవ్వలు వేసి గలగలలాడించాడు.

"గివి గూడ మంచిగనే పడ్తయి తియ్," అన్నాడు.

పుస్తకంలోని లెక్కలు గవ్వలకు కుదరవు కదా, అందుకని నియమాలు మేమే తయారు చేసుకోవలసి వచ్చింది. కాక తలా పది చింతగింజలు ఇచ్చాడు. బలం, తాళాలు, మాట, మందులు, ఇలా ఏ నేర్పుకు ఎన్ని గింజలు పెట్టుకుంటామో మా ఇష్టం. వెల్లకిలా పడ్డ గవ్వలకు ఆ గింజలు కలిపితే కనీసం ఏడు రావాలి, అప్పుడే పని అయినట్టు. మాతో ఆడే మరాఠీ అబ్బాయి, బ్యాంకు గుమాస్తా ఉత్తమ్ మొదటి వారమే తొమ్మిది గింజలు తీసుకెళ్లి తాళాలకు పెట్టేశాడు. ఇక గవ్వలతో పనేముంది? ప్రతి తలుపూ తెరుచుకునేది. ముందు మాకు విసుగొచ్చింది, తర్వాత అతనికే వచ్చింది. ఒక్క నేర్పుకు ఐదు గింజలు దాటకూడదని కాక నోటుబుక్కులో పెన్సిల్‌తో రాశాడు.

"ఇంకుతోని రాయరాదు కాకా?" అన్నాను.

"పటం గూడ ముందుగాల పెన్సిల్‌తోనే గీస్తం బిడ్డా. మూడు ఆదివారాలు ఆడి చూద్దం. ఎవ్వలికి గుచ్చుకోకుంటె అప్పుడు ఇంకు."

నా పాత్ర పహిల్వాన్. బలానికి ఐదు గింజలు పెట్టి మాటకు ఒక్కటి విదిలించాను. శకుంతల పాత్ర రాజదూత, ఆమె మాటకే ఐదు పెట్టింది. శకుంతలకు చిన్నప్పటి నుంచి నత్తి. బడిలో హాజరు పలకడానికి కూడా భయపడి చెయ్యెత్తి ఊరుకునేది. ఆదివారం మధ్యాహ్నాల్లో మాత్రం "నా దూత అడుగుతది" అని మెల్లగా అని గవ్వలు వేసేది. సేనాపతులు, సర్దార్లు అందరూ ఆమె మాట వినేవాళ్లు. ఆ రెండు గంటలూ ఆమె ముఖంలో వెలుగు చూడాలి. నేను చూడలేదు. కాలేజీ వక్తృత్వ పోటీల్లో కప్పులు కొట్టే నేను ఇక్కడ నోరు మూసుకుని కూర్చోవలసి వస్తోందన్న కడుపుమంటే నాకు పెద్దదయింది.

అందుకే ఒక నియమం చెప్పాను. మాట నేర్పు వాడాలంటే పాత్ర మాట్లాడే మాటలు నిజంగా మాట్లాడి వినిపించాలి. బాగా మాట్లాడినవాళ్లకు గవ్వలు వేయకుండానే పని అయిపోవాలి. మాట్లాడనివాళ్లకు గవ్వలే లేవు. ఉత్తమ్ "వా, మజా యేఈల్! మస్తు మజా వస్తది!" అని ఎగిరాడు. శకుంతల తన ఐదు గింజల వంక చూసుకుంది. కాక నోటుబుక్కు నాకే ఇచ్చి రాసుకోమన్నాడు. గట్టిగా నొక్కి రాశాను.

ఆ వారమే దూత కోట తలుపులు తెరవమని సర్దారును అడగాల్సి వచ్చింది. శకుంతల "స... స..." దగ్గర ఆగిపోయింది. మెడ నరాలు ఉబ్బాయి. నేను సాయం చేస్తున్నాననుకుని ఆమె వాక్యాన్ని అందుకుని నా పహిల్వాన్ చేత గడగడా చెప్పించేశాను. ఉత్తమ్ చప్పట్లు కొట్టాడు, తలుపులు తెరుచుకున్నాయి. శకుంతల చేతిలోని గవ్వలు ఒక్కొక్కటే గ్లాసులో వేసేసింది. మరుసటి ఆదివారం తలనొప్పి అని రాలేదు. తర్వాత దారిలో కనిపించి, ఇక ఆటకు రానని తల అడ్డంగా ఊపింది. అప్పుడు నాకు భయం వేసింది.

"ఆమెకు ఇంకో రెండు గింజలు ఇయ్యి కాకా," అన్నాను.

"ఆమె అడిగిందా?" అన్నాడు కాక.

మూడో ఆదివారం, అంటే నా నియమం ఇంకు ఎక్కాల్సిన రోజు, కాక భార్య సరోజ చిన్నమ్మ పనుందని శకుంతలను పిలిపించింది. వంటింటి గడప దగ్గర ఇద్దరూ బఠానీలు ఒలుస్తున్నారు. కథలో గుహ ద్వారానికి బండరాయి అడ్డం పడింది. నా పహిల్వాన్ ఉన్నాడు కదా అని గ్లాసు అందుకోబోయాను. కాక దాని మీద అరచెయ్యి పెట్టాడు.

"గవ్వలెందుకు బిడ్డా? నీ నియమమే గద. మాట నేర్పుకు మాట్లాడాలె. బలం నేర్పుకు ఎత్తాలె. గా వాకిట్ల రోలుంది, లేపు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. పౌరుషం కొద్దీ వెళ్లి వంగి రోలు పట్టుకున్నాను. అంగుళం కదల్లేదు. అరచేతులు ఎర్రబడ్డాయి. ఉత్తమ్ నవ్వబోయి మధ్యలోనే ఆపేశాడు.

"నేనెట్ల లేపుత కాకా? లేపేటోడు నా పహిల్వాన్ గద!"

ఆ మాట అనేశాకే దాని అర్థం నాకు తట్టింది. గడప దగ్గర శకుంతల చేతులు ఆగిపోయాయి.

"నీ పహిల్వాన్ లేపుతడు. మరి ఆమె దూత మాట్లాడదా?" అన్నాడు కాక. "పైంగ ఆమె ఐదు గింజలు పెట్టి తీస్కున్నది. నువ్వు ఒక్క గింజ పెట్టి గుంజుకున్నవ్." గొంతు తగ్గించాడు. "తప్పు నాది గూడ ఉన్నది. మొదటి వారమే ఆపాల్సింది. నీ మాటలు ఇనబుద్ధయ్యి ఊకున్న."

రబ్బరు తీసి నా చేతిలో పెట్టాడు. రాసిన చేత్తోనే చెరిపాను. ఏడుపు ఆగలేదు. గడప దగ్గరికి వెళ్లి "తప్పయింది శకూ" అన్నాను. ఆమె బఠానీల చాట పక్కకు జరిపి, చేతులు తుడుచుకుని, వచ్చి తన చోట కూర్చుంది. బండరాయి తీయించమని అడగడానికి గుహ కాపలా సర్దారు ముందు దూత నిలబడింది. గవ్వలు మూడు వెల్లకిలా పడ్డాయి, ఐదు కలిపితే ఎనిమిది.

ఉత్తమ్ ఆత్రం ఆపుకోలేక "కాయ్ మ్హణాలీ? ఏమన్నది?" అనడిగాడు.

శకుంతల మా ముగ్గురి వంకా చూసింది. "నా దూత ఏమన్నదో స... స... సర్దారుకు ఎర్కే. మీకెందుకు?"

అంత నవ్వు ఆ ఇంట్లో మళ్లీ వినలేదు. చిన్నమ్మ చాటలోని బఠానీలు దొర్లిపోయాయి.

శకుంతల తర్వాత ఉమ్రి ఊరి బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పింది, ఆ నత్తితోనే. కాక పోయాక చిన్నమ్మ నోటుబుక్కు నాకిచ్చింది. నిలిచిన నియమాలన్నీ ఆయన నల్ల ఇంకులో గుండ్రంగా ఉన్నాయి. ఒక్క వరుస మాత్రం ఖాళీ. నేను చెరిపిన చోట ఆయన ఇంకేమీ రాయలేదు. అక్కడ వేలితో తడిమితే నేను నొక్కి రాసిన అక్షరాల గాట్లు ఇప్పటికీ తగులుతాయి.

టీచరమ్మ కాగితం మీద సంతకం పెట్టలేదు. దాని మూల పెన్సిల్‌తో "మూడు వారాలు" అని రాసి, "నీకేం రాదమ్మా?" అనడిగాను. ఆమె పాట రాదంది.

"అయితే సోమవారం ప్రార్థన నువ్వే పాడాలి, అందరి ముందూ ఒక్కదానివే," అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. కాగితం వంక చూసింది. నేను రబ్బరు ఆమె వైపు జరిపాను.