డీజిల్ తాగిన నారుమడి

రెంటచింతలలో చలమయ్య బాబాయి పురుగుమందు కొట్టనిది ఏదన్నా ఉందంటే అది మల్లీశ్వరి పిన్ని ఒక్కతే. మిరపచేలో పురుగు కనబడక ముందే కొడతాడు, కనబడితే కసిగా కొడతాడు. వాళ్ల గృహప్రవేశం నాడు వంటల దగ్గర ఈగలు ముసిరాయని మందు కొట్టే తైవాన్ పంపు వీపుకు తగిలించుకుని బయల్దేరితే, వంటవాళ్లు గరిటెలు పట్టుకుని అడ్డం నిలబడ్డారు. పక్కింటివాణ్ని కాబట్టి చెబుతున్నాను, ఆ మనిషికి పురుగంటే పగ.

ఆయన ప్రాణమంతా మాచర్ల రోడ్డు పక్కనున్న నారుమడిలో ఉంటుంది. వాళ్ల నాన్న చెరువుమట్టి బండ్ల మీద తోలి మెత్తగా చేసిన నేల అది. ఏటా మిరపనారు అక్కడ పోస్తేనే బాబాయికి తృప్తి. రెండేళ్ల కిందట ఒక డీజిల్ ట్యాంకరు మలుపులో అదుపు తప్పి సరిగ్గా ఆ మడిలోనే పల్టీ కొట్టింది. డ్రైవరుకు దెబ్బలు తగల్లేదు, సంతోషం. మడి మాత్రం చచ్చిపోయింది. గింజ మొలవదు, నీళ్లు ఇంకవు, చీమ కూడా పాకదు. సాయంత్రాలు బాబాయి గట్టు మీద కూర్చుని గుప్పెడు మట్టి వాసన చూసుకునేవాడు.

నౌషీన్ మేడం నరసరావుపేటలో డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెబుతుంది. బస్సులో పోతూ, పచ్చని చేల మధ్య ఆ బోడి మడి చూసి ఆరా తీసింది. మట్టి తీసుకెళ్లి పరీక్ష చేసి, ఒక సీసాతో తిరిగొచ్చింది. బాబాయి పెరట్లో డ్రమ్ము నిండా బెల్లం నీళ్లు పోయించి, సీసాలోది అందులో కలిపింది.

"ఇందులో ఉన్నది బ్యాక్టీరియా, బాబాయిగారూ. సబ్బులాంటిది ఒకటి వదులుతుంది. ఎంగిలి కంచం జిడ్డు సబ్బుకి వదిలినట్టు, మట్టిని పట్టుకున్న డీజిల్ సన్న బొట్లుగా విడిపోతుంది. అప్పుడు దాన్ని ఇవే తినేస్తాయి. రేపో ఎల్లుండో నురగొస్తుంది, వచ్చాక మడిలో పోద్దాం."

బాబాయి తలూపాడు. అర్థమైందనుకుని ఆమె బస్సెక్కింది. ఆయన చెవికెక్కింది బ్యాక్టీరియా అన్న మాట ఒక్కటే.

నురగ వచ్చింది. దాంతో పాటు పులిసిన కంపు కూడా. మిరపాకు మీద బ్యాక్టీరియా మచ్చలొస్తే ఏం చేస్తాడో, డ్రమ్ముకీ అదే చేశాడు బాబాయి. రాగి మందు దండిగా కలిపాడు.

మేడం వచ్చి మూత తీస్తే నురగ లేదు, నీలంగా నీళ్లున్నాయి.

"ఏం కలిపారు?"

"డ్రమ్ముకి తెగులు పట్టిందమ్మా. నువ్వు లేవు గదా అని నేనే చూసుకున్నా" అన్నాడు బాబాయి, మెచ్చుకుంటుందని.

మేడం నవ్వాలో ఏడవాలో తెలియక మెట్ల మీద కూలబడింది. పిన్ని ఊరుకుంటుందా!

"నీ మడికి వైద్యం చేయను తెచ్చినదాన్ని నువ్వే చంపావు గదయ్యా! ఏం మనిషివి నువ్వు?"

అప్పుడు ఎక్కింది ఆయన బుర్రకి.

"ఇంకో సీసా ఉందా అమ్మా?" అని అడిగిన ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఉంది. ఈసారి పిన్ని మందుల గదికి తాళం వేసి, చెవి కొంగున ముడేసుకుంది.

చంపడం తప్ప ఎరగని మనిషి బ్యాక్టీరియాని సాకడం మొదలుపెట్టాడు. మడిలో పోసి కలియదున్నాడు, తడి ఆరనివ్వలేదు. మా ఊరి ఎండకి వాటికి వడదెబ్బ తగులుతుందని వరిగడ్డి కప్పాడు. పక్క చేలో ఎవరన్నా పంపు ఎత్తితే, "ఒరేయ్, గాలి ఇటుంది, ఆపరా!" అని కేకలు. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నెలలు గడిచాయి. వాసన తగ్గింది, నీళ్లు ఇంకాయి, గరిక లేచింది. మేడం మట్టి మళ్లీ పరీక్ష చేసి సరేనన్నాక నారు పోశాడు. మొలిచింది. అయినా ఆయనకు నమ్మకం కుదరలేదు. రోజూ గట్టు మీద కూర్చుని మట్టి వాసన చూడ్డం మానలేదు.

మొన్న పొద్దున "ఏమే, మల్లీశ్వరీ!" అని కేక వినబడింది. పిన్ని, వెనకే నేను పరిగెత్తాం. బాబాయి మడిలో మోకాళ్ల మీద ఉన్నాడు. లేతాకు అంచు కొరికేసి ఉంది. దాని కింద పచ్చపురుగు ఒకటి తీరిగ్గా నములుతోంది.

పిన్ని నిట్టూర్చి, కొంగు ముడి విప్పి తాళంచెవి చాపింది.

"పో, పంపు తెచ్చుకో."

బాబాయి అందుకోలేదు. మట్టిచేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు.

"మన మడికి తినడానికొచ్చిందే" అన్నాడు. "ఇయ్యాల్టికి తిననీ."