ఇంజను మూతికి తడిగుడ్డ

"ఇది మూసుకుపోతే బండికి ఊపిరాడదండీ" అంటూ మెకానిక్ ఇవాళ నా కారులోంచి దుమ్ముపట్టిన ఫిల్టరు తీశాడు. "గుడ్డ అడ్డుపడినా అంతేనా?" అని అడిగాను.

నా ఏడో ఏట నాన్న, పొగాకు కంపెనీ దొర అమ్మేసిన పాత రేసుకారుని మా మిరపకళ్లంలో విప్పి కూర్చున్నాడు. వేగం పెరగాలని ఫిల్టరు పీకేసి, గాలికోసం కిందికి పొడవాటి గొట్టం బిగించాడు. స్టార్టు చేస్తే కారు దగ్గింది. ఘాటు పడలేదనుకుని, కాయలేరే కూలీలు ముక్కుకు కట్టుకున్నట్టే, బండి కిందికి దూరి గొట్టం మూతికి తడిగుడ్డ కట్టాను. దగ్గు తగ్గింది. కారూ ఆగిపోయింది.

నాన్న మూడు రోజులు కార్బురేటర్ స్క్రూలు తిప్పాడు.

"రేపటికి కదలకపోతే దానిమీదే కాయలు ఆరబోస్తానండీ!" అంది అమ్మ.

"ఇంకొక్క స్క్రూనే!"

మర్నాడు బానెట్ మీద కాయలు బాగా ఎండాయి.

నాన్న పోయేదాకా ఆ కార్బురేటర్‌నే తిట్టాడు. పక్కన కూర్చుని నేనూ తిట్టాను.