ఎర్రదారం బాణం

మొన్న ఎర్రచొక్కాకు గుండీ కుట్టుకుందామని ఫహాహీల్‌లో ఒక కొట్టుకెళ్ళి, దారం రీళ్ళలోంచి ఒకటి ఏరి బల్ల మీద పెట్టాను. కొట్టతను మలయాళీ. దాన్ని అటూ ఇటూ తిప్పి, "భయ్యా, ఇది ఎరుపు కాదు, కాఫీ రంగు" అన్నాడు హిందీలో. నవ్వేసి మార్చుకొచ్చానే గానీ, రూముకొచ్చాక గుండీ కుట్టబుద్ధి కాలేదు. ఈ మాట వినాల్సిన రోజు ఒకటి వస్తుందని పన్నెండేళ్ళుగా నాకు తెలుసు.

అప్పట్లో నేను ఈ అరబ్బు దేశంలోనే జహ్రా ఊరు దాటాక ఎడారిలో కాపలా పని చేసేవాణ్ణి. మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, అక్కడ బోలెడంత నేలకు కంచె వేయించి జింకల్ని కాపాడేవాడు. అవి పెరిగిపోయి మేత చాలకపోయేసరికి, చలికాలంలో కొన్నాళ్ళు, లైసెన్సు కాగితం ఉన్నవాళ్ళు విల్లూ బాణాలతో ముసలి పోతుల్ని వేటాడవచ్చని సర్కారువాళ్ళు అనుమతి ఇచ్చారు. తుపాకీ కూడదు. ఆడజింక జోలికి పోకూడదు. పోయినట్టు తేలితే ఆ వేటగాడి అనుమతి రద్దు, జైలు కూడా. వచ్చే వేటగాళ్ళను చూడాలి! ఆకుపచ్చ మచ్చల బట్టలు, నల్లకళ్ళద్దాలు, గహ్వా కాఫీ ఫ్లాస్కులు, మడత కుర్చీలు. చెట్టన్నదే లేని చోట ఆకుపచ్చ వేషం ఎందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు. జింకలకు కూడా అర్థమయ్యేది కాదేమో, నిలబడి వింతగా చూసేవి.

గేటు దగ్గర మేమిద్దరం. నాది రాయచోటి వైపు. రెండో ఆయనది జగిత్యాల పక్క పల్లె, నాకన్నా చాలా పెద్దవాడు, కాకా అని పిలిచేవాణ్ణి. పొద్దున ఒక్కో వేటగాడికి ఒక్కో రంగు దారం కట్టిన ఐదేసి బాణాలు ఇవ్వాలి, సాయంత్రం లెక్క చూసి వెనక్కి తీసుకోవాలి. ఒక బాణం తగ్గిందంటే ఎక్కడో ఒక జీవం దాన్ని ఒంట్లో మోస్తూ తిరుగుతున్నట్టే. అది దొరికేదాకా ఎంత గొప్పవాడికైనా కాకా గేటు తీసేవాడు కాదు. ఆ మొండితనానికి నాకు ఒళ్ళు మండేది కూడా, ఎందుకంటే ఇసుకలో వెతికేది నేనే.

కాకా కళ్ళలో శుక్లాలున్నాయి. ఎరుపూ కాఫీ రంగూ ఆయనకు ఒక్కటే. "గిది ఎవ్వలికి జెప్పకు బిడ్డా. కండ్లు కనవడయని తెలిస్తె ఇంటికి తోలుతరు. ఇంకో రెండేండ్లయితే చిన్నపిల్ల నర్సింగు అయిపోతది" అన్నాడొకసారి. అప్పట్నుంచి దారం కట్టడం నా పని, లెక్క ఆయన పని. పైవాళ్ళకు మాత్రం రెండూ కాకా చేస్తున్నట్టే ఉండేది.

ఒక సాయంత్రం కఫీల్ బావమరిది నాలుగే బాణాలు తిరిగిచ్చాడు. ఆయనది ఎర్రదారం. "వాహిద్, ఒక్కటి తక్కువున్నది సార్" అని కాకా గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. బావమరిది అరిచాడు, హారన్ మోగించాడు, చివరికి కఫీల్‌కి ఫోన్ కలిపాడు. కఫీల్ "యల్లా, తెరువు" అన్నాక గేటు తీసి, కాకా రిజిస్టరులో మాత్రం ఉన్నదున్నట్టు రాశాడు. మర్నాడు ముళ్ళపొద పక్కన ఆడజింక చచ్చి పడి ఉంది. చూలుతో ఉంది. డొక్కలో ఎర్రదారం బాణం.

తనిఖీవాళ్ళు వచ్చేలోగా కఫీల్ నన్ను లోపలికి పిలిచాడు. నేను ఈ దేశంలో ఉండడానికి కావలసిన ఇఖామా కాగితాలు బల్ల మీదే ఉన్నాయి, ఆ వారమే రెన్యూవల్. అది కాఫీ రంగు దారం వంతొచ్చిన అతిథి కొట్టిన బాణం కావచ్చు కదా, ఆయన నిన్ననే తన దేశం వెళ్ళిపోయాడు, ముసలివాడు దారం తప్పు కట్టి, లెక్కలోనూ పొరబడి ఉంటాడు కదా అని మెల్లగా అడిగాడు. నేను తల దించుకుని, "కాకాకు కళ్ళు సరిగా కనపడవు" అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అంత నీచమైన నిజం నా జీవితంలో మళ్ళీ పలకలేదు.

తనిఖీవాళ్ళు కాకాను పిలిచి అడిగారు. "దారం కట్టేది నేను కాదు, వీడు" అని కాకా ఒక్క మాట అంటే చాలు. ఆయన నా వైపు ఒకసారి చూసి, గేటు తాళాలు తీసి బల్ల మీద పెట్టేశాడు. ఖలాస్, రెండు రోజుల్లో ఆయన్ని ఇంటికి పంపేశారు. కారెక్కేముందు నేను గొణిగాను: "ఎందుకు చెప్పలేదు కాకా? కట్టింది నేనే గదా."

"చెప్తె నిన్ను గూడ తోలుతుండె. ఇద్దరం పోతే బాణాలు ఎవ్వలు లెక్కవెట్టాలె బిడ్డా?" అన్నాడు.

మరుసటి చలికాలం బావమరిది మళ్ళీ వచ్చాడు. సాయంత్రం ఎర్రదారం బాణం ఒకటి తగ్గింది. హారన్ మోగించకముందే నేను గేటు తీశాను.

నా కళ్ళు మసకబారడానికి పన్నెండేళ్ళు పట్టింది. నేను గేటు తీసిన ఆ సాయంత్రాన్ని మసకబార్చడానికి మాత్రం ఆ పన్నెండేళ్ళూ చాలలేదు.