ఎస్తేరమ్మ చెప్పని రెండో శబ్దం

ఈ ఉదయం మదనపల్లెలో మస్తాన్ షెడ్డులో నా కారు ఇంజనాయిలు దించుతుంటే, వేడి నూనె సన్నటి ధారగా తెల్ల ఎనామిల్ బేసిన్‌లో పడి, దాని వాసన పైకి లేచింది. ఆ బేసిన్ అంచుకు నీలం గీత ఉంటుంది, ఒకచోట పెచ్చులేచిన నల్లమచ్చ ఉంటుంది. అది ఒకప్పుడు ఆస్పత్రి బేసిన్. దాన్ని నాకిచ్చింది ఎస్తేరమ్మ. పుంగనూరులో మేమిద్దరం పనిచేసిన చిన్న మిషన్ ఆస్పత్రి ఇప్పుడు లేదు. ఆమె దానికి వ్యాను డ్రైవరు, మెకానిక్కు కూడా. నేను స్టోర్సు గుమాస్తాను. ఆ వాసన తగలగానే మస్తాన్ మాట్లాడుతున్నది నాకు వినపడటం మానేసింది. నలభై నాలుగేళ్ళ కిందటి రేకుల షెడ్డులో నిలబడి ఉన్నాను.

ఎస్తేరమ్మ తండ్రి ఆ ఆస్పత్రికి మొదటి డ్రైవరు. ఆయన బండి కింద దూరితే పానాలు అందించే పని ఆమెది. పెద్దయ్యాక అక్కడే ఆయాగా చేరింది. ఒక రోజు తండ్రికి జ్వరమొచ్చి లేవలేకపోతే, చౌడేపల్లె వైపు కాన్పు కష్టమైన మనిషి ఉందని కబురొస్తే, ఎవర్నీ అడక్కుండా వ్యాను తీసుకుని వెళ్ళి ఆ తల్లిని తెచ్చింది. మర్నాటి నుంచి ఆ తాళంచెవి ఆమె కొంగుకే ఉండిపోయింది. చీర మీద పాత డాక్టరు కోటు తొడుక్కునేది. ఆ కోటు జేబులో స్టెతస్కోపు ఉండాల్సిన చోట నూనె గుడ్డ ఉండేది.

నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. స్కూలు రోజుల నుంచీ డైరీ రాసే అలవాటు ఉంది గనక వ్యాను లాగ్‌బుక్కు కూడా నాకే అప్పగించారు. కుదుపులు ఆపే వెనక చక్రాల పట్టీలకు కొత్త రబ్బరు బుష్షులు కావాలని ఎస్తేరమ్మ మూడుసార్లు చీటీ పెట్టింది. నేను ముందు సీట్లో కూర్చుని గేటు దాకా వెళ్ళి వచ్చి, ‘వాహనము మంచి స్థితిలో ఉన్నది’ అని అందంగా రాసి సంతకం పెట్టాను. మర్నాడు మదనపల్లె నుంచి మందులు తేవడానికి నేను కూడా బయల్దేరాను. ముందు తలుపు తీయబోతే ఆమె ఆపింది.

“ఆడ కాదు సారూ, ఈడ,” అని వెనక తలుపు తెరిచి స్ట్రెచరు చూపించింది. “పండుకోండి.”

“నాకేం జబ్బు లేదు కదమ్మా.”

“పట్టీలకుండాది. ముందర కూసుంటే మీకు తెలీలా. నడిపేవాళ్ళకు బండి ఎప్పుడూ బాగానే ఉంటాది సారూ, ఎనకుండేవాళ్ళను అడగల్ల.”

పంతానికి పడుకున్నాను. ఊరు దాటకముందే నా పంతం దిగిపోయింది. ఒక్కో గుంతకూ వెన్నెముక ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిసింది. కళ్ళకు రేకు కప్పు తప్ప ఏమీ కనిపించలేదు. దెబ్బల కంటే ఆ ఏమీ కనిపించకపోవడమే ఎక్కువ బాధపెట్టింది. కాసేపటికి ముందు నుంచి ఆమె గొంతు వినపడింది. “చెరువుకట్ట దాటినాం.” ఇంకొంతసేపటికి, “వలసపల్లె వస్తాండాది సారూ. ఇంక శానా దూరం ల్యా.”

మదనపల్లెలో నడుం పట్టుకుని దిగాక, ఊళ్ళ పేర్లు ఎందుకు చెప్పావని అడిగాను.

“రోజూ సెప్పేదే. పండుకోనుండేవాళ్ళకు ఏం కనపడతాది? యాడికొచ్చినామో తెలీకపోతే నొప్పి ఇంకా ఎక్కువయితాది,” అని, “బుష్షులు?” అంది.

ఆ సాయంత్రమే రాసిచ్చాను. లాగ్‌బుక్కులో నా పాత వాక్యం కొట్టివేసి పక్కన సంతకం పెట్టాను. నేను చేతితో రాసిన ఒక మాటను నేనే కొట్టివేయడం అదే మొదటిసారి.

ఆ తర్వాత పని ముగిశాక షెడ్డుకు వెళ్ళి కూర్చోవడం అలవాటైంది. ఎస్తేరమ్మ పాత నూనెను తెల్ల బేసిన్‌లోకి దించి, వేళ్ళ మధ్య రుద్ది, వెలుతురులో అటూ ఇటూ వంచి చూసేది. ఇనుప రజను మెరిస్తే ఒక జబ్బు, పాలలా తెల్లబడితే మరొకటి. నేను అడిగి రాసుకునేవాణ్ణి. “డైరీ సారూ, రాసుకుండేది ఆపి ఏలు పెట్టండి,” అని కసిరేది. నేను స్కూటరు కొన్నప్పుడు దాని మొదటి నూనె ఆ బేసిన్‌లోనే పడింది. నా భార్య సరోజకు లారీలంటే భయం. వెనక కూర్చుని కళ్ళు గట్టిగా మూసుకుని, “యాడికొస్తిమి?” అని అడుగుతూనే ఉండేది. నేను ఎస్తేరమ్మ లాగే ఒక్కో ఊరి పేరూ చెప్పుకుంటూ పోయేవాణ్ణి. ముప్పై ఏళ్ళు అలా తిరిగాం. ఆస్పత్రి మూతపడ్డాక మదనపల్లెకు మారి, ఒక కాలేజీ ఆఫీసులో చేరి, అక్కడే రిటైరయ్యాను. మాకు పిల్లలు లేరు. సరోజ పోయి ఆరేళ్ళయింది.

కారు సంగతికి వస్తాను. రెండేళ్ళ కిందట ఎవరిదో పెళ్ళికి కుప్పం వెళ్ళాను. స్టేషను దారిలో ఒక గోడౌను పక్కన, దుమ్ము కింద ఎర్రగా ఒకటి కనిపించింది. రెండే తలుపులు, రెండే సీట్లు, మడిచి వెనక్కి పెట్టుకునే గుడ్డ కప్పు, నా మోకాలి ఎత్తులో బానెట్టు. బెంగళూరు నుంచి చేతులు మారుతూ వచ్చి అక్కడ ఆగిపోయిన పాత స్పోర్ట్స్ కారు. వారం తర్వాత మళ్ళీ వెళ్ళి కొన్నాను. ఎందుకు కొన్నానో ఆ రోజు డైరీలో లేదు. కారు నెంబరు, మీటరు రీడింగు మాత్రం ఉన్నాయి.

తెచ్చేటప్పుడు పలమనేరు మీదుగా నేరుగా పుంగనూరులో ఎస్తేరమ్మ ఇంటి ముందు ఆపాను. ఆమెకు ఎనభై దాటాయి. చర్చి వెనక సందులో ఒక్కగది ఇల్లు, నొప్పి పెట్టే మోకాళ్ళు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని కారును చూసి చాలాసేపు నవ్వింది.

“ఇదేందప్పా! వంగి ఎక్కల్ల, పాక్కుంటా దిగల్ల. నీకు ఈ వయసులో ఈ కప్ప యాల?”

తర్వాత కర్ర పట్టుకుని లేచి కారు చుట్టూ తిరిగింది. టైరు మీద బొటనవేలి గోరు నొక్కి చూసింది. “గీతలు నిండుగా ఉండాయి. అయినా గోరు దిగలా. రబ్బరు ముసిల్దైపోయినాది. ముందు నూనెలన్నీ మార్చు. తర్వాత బ్రేకులు, టైర్లు. ఆమీట బెల్టు, రబ్బరు పైపులు. సోకులన్నీ సివర్లో.” లోపలికి వెళ్ళి మంచం కింద నుంచి ఆ బేసిన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

మస్తాన్ ఆలోచన వేరు. “సాబ్, స్పోర్ట్స్ కార్ సాబ్ ఇది! వెడల్పు చక్రాలు ఏద్దాం, సైలెన్సర్ మారుద్దాం. మీరు నీరుగట్టువారిపల్లెలో స్టార్ట్ చేస్తే బస్టాండులో వినపడల్ల,” అన్నాడు. ఫోను స్పీకరులో పెట్టి ఎస్తేరమ్మకు చెబితే, “ఊరందరికీ వినపడేది యాల? ముందు ఆగుతాందా అని అడుగు వాణ్ణి,” అంది. మస్తాన్ చెవులు పట్టుకుని, “సరే అమ్మీ,” అన్నాడు. ఆమె చెప్పిన వరసలోనే పనులు జరిగాయి. బ్రేకు నూనె దించితే కాఫీ డికాషన్‌లా వచ్చింది. పైపులు రెండు వేలితో వంచితేనే చిట్లాయి. నాలుగు నెలలు పట్టింది. నేను డైరీలో నాలుగు గడులు గీసుకున్నాను: తేదీ, కిలోమీటర్లు, పని, శబ్దాలు.

మూడు గడులు సర్దుకున్నాయి, నాలుగోది సర్దుకోలేదు. వేగం అరవై దాటితే ఎక్కడి నుంచో ఊఁ అని ఒక మోత. నడిపే సీట్లోంచి వింటే అది అన్ని వైపుల నుంచీ వచ్చినట్టుంటుంది. ఎడమ సీట్లో ఎవరైనా కూర్చుని వినాలి. ఎవరిని పిలవాలా అని రెండు రోజులు ఆలోచించాను. మస్తాన్‌కు షెడ్డు వదిలి రావడం కుదరదు. ఎదురింటివాళ్ళ పేరు కూడా నాకు సరిగ్గా తెలియదని అప్పుడే గమనించాను. చివరికి ఇరవై ఐదు కిలోల బియ్యం మూటను ఎడమ సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, దాని మీద ఫోనులో రికార్డింగు ఆన్ చేసి హార్స్‌లీ హిల్స్ మలుపు దాకా వెళ్ళి వచ్చాను. ఇంట్లో చాలాసార్లు విన్నాను. మోత ఉంది, గాలి ఉంది, అంతే అనిపించింది.

ఆ రికార్డింగు తీసుకుని పుంగనూరు వెళ్ళాను. ఎస్తేరమ్మ ఫోను చెవికి ఆనించుకుని రెండుసార్లు విన్నది. మొదట బియ్యం మూట సంగతికి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. “బెల్టు గూడా పెడితివా దానికి?” తర్వాత నవ్వు ఆపి నా ముఖంలోకి చూసింది. “నన్ను కూసోబెట్టు,” అంది.

ఇద్దరు పక్కింటి ఆడవాళ్ళు సాయం పట్టి ఆమెను ఆ పల్లపు సీట్లో దించారు. కళ్ళు మూసుకుని అరచేయి తలుపుకు ఆనించింది. చెరువుకట్ట దాటి, వలసపల్లె వైపు కొంత దూరం పోయి వెనక్కి తిరిగాం. “కుడికి తిప్పితే పెద్దదయితాది, ఎడమకు తిప్పితే తగ్గతాది. ఎడమ ఎనక చక్రం బేరింగ్,” అంది. చేయి తలుపు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. “నేను నడపకుండా పక్కన కూసోని పోయేది ఇదే మొదలప్పా. ముప్పై ఐదేండ్లు నా ఎనక ఎవరో ఒకరు మూలగతానే ఉన్నారు. అప్పుడు భయమయ్యేది. ఇప్పుడు మూలిగేదీ నేనే, వినేదీ నేనే.”

ఇంకేమైనా శబ్దం ఉందా అక్కా అని అడిగాను.

“ఉండాది. ఇంకోటుండాది. అది పార్టులు మారిస్తే పొయ్యేది కాదు. హార్స్‌లీ హిల్స్‌కు తీసకపో, టాపు తీసేసి. కొండ మీద సెప్తా. ముందు బేరింగ్ ఏపిచ్చు, దీంతో నేను కొండెక్కను.”

బేరింగు బెంగళూరు నుంచి రావడానికి పదిహేను రోజులు పట్టింది. వేయించాను. మోత పోయింది. ఎస్తేరమ్మ ఫోన్ చేసింది. “ఏస్తివి కదా, ఇంకా ఆగేది యాల?”

“ఇంకో రెండు వందల కిలోమీటర్లు తిప్పి చూస్తానక్కా. మిమ్మల్ని ఘాట్ రోడ్డు ఎక్కించాలంటే నమ్మకం కుదరాలి కదా. మీరు నేర్పిందే.”

“నా మీటరు గూడా కొంచెం సూడప్పా,” అంది నవ్వుతూ.

నేను కూడా నవ్వాను. వచ్చే శుక్రవారం పేజీలో ముందుగానే రాసుకున్నాను: ‘ఉదయం ఏడు. ఎస్తేరమ్మ గారితో కొండకు.’ ఆమె మంగళవారం మధ్యాహ్నం, అన్నం తిని కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. ఆ రోజుకు రెండు వందల్లో ఇంకా ముప్పై ఆరు కిలోమీటర్లు మిగిలి ఉన్నాయి. శుక్రవారం వాక్యాన్ని కొట్టివేయడానికి పెన్ను తీశాను గాని చేయి రాలేదు. అది అలాగే ఉంది.

ఆ తర్వాత ఏడాదంతా నేను రెండో శబ్దం కోసం వెతికాను. మస్తాన్ ఎగ్జాస్టు బిగించాడు, సీటు పట్టాలకు గ్రీజు పెట్టాడు, తలుపుల రబ్బర్లు మార్చాడు. “సాబ్, ఈ బండిలో ఇంక శబ్దం ల్యాదు సాబ్, అల్లా తోడు,” అని మొర పెట్టుకున్నాడు. అయినా శబ్దం ఉందని ఆమె అన్నదంటే ఉన్నట్టేనని నాకు తెలుసు. బియ్యం మూటలు పనికిరావని కూడా తెలుసు. అందుకని బస్టాపుల్లో ఎదురుచూసేవాళ్ళ ముందు కారు ఆపడం మొదలుపెట్టాను. “ఎక్కండి, దింపుతాను. దారిలో ఏమైనా శబ్దం వస్తే మాత్రం చెప్పాలి,” అనేవాణ్ణి. కొందరు నన్ను అనుమానంగా చూసి వెనక్కి జరిగారు. ఎక్కినవాళ్ళు కొత్త వస్తువును చూసినట్టు ముందుకు చూస్తూ కూర్చుని, ఏమీ లేదన్నారు.

పోయిన నెల, పెద్దమండ్యం నుంచి మందుల కోసం మదనపల్లెకు వచ్చి బస్సు తప్పిపోయిన ఒక గొర్రెల కాపరి ఎక్కాడు. నా వయసే ఉంటుంది. కంబళి ఒళ్ళో పెట్టుకుని శ్రద్ధగా, పరీక్ష రాస్తున్నట్టు విన్నాడు. కాండ్లమడుగు క్రాసులో దిగుతూ అన్నాడు.

“బండిలో ఏం శబ్దం లేదు సారూ. మీరే సెప్తాండారు.”

“నేనా? ఏం చెప్పాను?”

“ఊర్ల పేర్లు సారూ. ‘అంగళ్ళు వచ్చినాం, కురబలకోట దారి వచ్చినాది’ అని సన్నగా. నేను ఈడోణ్ణే కదా, నాకు యాల సెప్తాండారా అనుకున్యా. మళ్ళీ, నాకు కాదేమోలే అని ఊరకుంటి.” కంబళి భుజాన వేసుకుని, “మంచిది సారూ,” అని వెళ్ళిపోయాడు.

కారు పక్కకు తీసి, ఫోనులో ఆ పాత రికార్డింగు వెతికి పెట్టాను. అప్పుడు నా చెవులు చక్రం కోసమే విన్నాయి. ఈసారి మోతను, గాలిని వదిలేసి విన్నాను. వాటి కింద ఒక ముసలి గొంతు ఉంది. బైపాసు దాటినాం. అంగళ్ళు వచ్చినాం. ఇంక శానా దూరం ల్యా, సరోజా. పేరు చెప్పి కాసేపు ఆగుతోంది, వెనక నుంచి ఎవరో ‘సరే’ అనడం కోసం ఆగినట్టు. ఎస్తేరమ్మ దీన్ని రెండుసార్లు విన్నది. విని, ఒక్కగది ఇంట్లో నన్ను కూర్చోబెట్టి చెప్పకుండా, కొండ మీది గాలిలో చెబుదామని దాచి పెట్టింది.

ఈ ఉదయం మస్తాన్ కొత్త నూనె పోసి, బేసిన్ కడిగి నా చేతికిచ్చాడు. “శబ్దం దొరికిందా సాబ్?” అని అడిగాడు. దొరికింది అన్నాను. “ఏం చేద్దాం మరి?” అన్నాడు. ఏమీ వద్దు, అలాగే ఉండనీ అన్నాను. గుడ్డ కప్పు వెనక్కి మడిచి, బేసిన్‌ను ఎడమ సీట్లో పెట్టి బయల్దేరాను. ఊరు దాటాక హార్స్‌లీ హిల్స్ ఘాట్ రోడ్డు మొదలయ్యే దాకా ఒక్క చోటు కూడా వదలకుండా పేర్లు చెప్పాను, ఈసారి గట్టిగా, వెనక పడుకున్నవాళ్ళకు కూడా వినపడేటట్టు.